తువ్వాయి ఎందుకు ఆగుతోంది

సోమవారం, ఆఖరి స్తంభం షెడ్డు

తీగబాట మీది కరెంటు బళ్ళున్నాయే, ఆ తెప్పలైతే తమ దినచర్య తామే రాసుకుంటాయి. ఎక్కడ ఆగాయో, ఎందుకు ఆగాయో, ఏ చక్రం ఎంత అరిగిందో సాయంత్రానికల్లా రవాణా బోర్డుకి అవే చెప్పేసుకుంటాయి. మా ఆసుపత్రి బండి తువ్వాయికి రాయడం రాదు. అందుకని నేను రాస్తున్నాను.

"సూరప్పడు గారూ, బండి మొరాయించిన ప్రతిసారీ ఏం జరిగిందో రాసిపెట్టండి. శుక్రవారం మా ఇంజనీరు వచ్చి చూస్తారు. ఆ తర్వాత బండిని ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తాం" అని బోర్డు నుంచి కబురొచ్చింది.

తీసేస్తే తుక్కు చెయ్యరట. కింద పట్నంలో పాత బళ్ళ గది ఉంది, అందులో అద్దాల వెనక నిలబెడతారట. దానికది మర్యాదే. మరి కొండమీద ఉసిరిమెట్ట ఆడవాళ్ళ సంగతేమిటని అడిగాను. నెలలు నిండకముందే కిందికొచ్చి, పురుడయ్యేదాకా బోర్డు వసతిలో ఉండమన్నారు. చంటిపిల్లల్నీ మేకల్నీ పోడు చేనునీ వదిలేసి ఎవరొస్తారు? రారు. ఇళ్ళలోనే కంటారు. మా ఎస్తేరమ్మక్క ఈ పనిలోకి రాకముందు అలాగే కనేవాళ్ళు. అప్పట్లో తల్లో బిడ్డో దక్కకుండా పోయిన ఇల్లు ఆ ఊళ్ళో వెతికితే గాని దొరకదు... కాదు, తప్పు రాశాను. ఎవరూ పోని ఇల్లే వెతికితే గాని దొరకదు.

తువ్వాయి పెట్రోలు రోజుల నాటి వ్యాను. సముద్రం కొండ పాదం దాకా ఎక్కొచ్చాక పెట్రోలూ పోయింది, పెట్రోలు బళ్ళూ పోయాయి. దీన్ని మాత్రం మా నాన్న తరం వాళ్ళు ఇప్పసారా మీద నడిచేలా మార్చి నిలబెట్టుకున్నారు. పొద్దున్న లేచింది మొదలు తాగి తిరిగే బండి ఇదొక్కటే అని ఊళ్ళో వేళాకోళం. స్టార్టు చెయ్యగానే తల్లి కోసం అరిచినట్టు ఒక అరుపు అరుస్తుంది. ఆ పేరు అందుకే. వయసులో నాకంటే పెద్దది.

తెప్పలకి బాట కింద పరిచిన తీగలోంచి కరెంటు అందాలి. ఆ తీగ మా ఊళ్ళో, ఆఖరి స్తంభం దగ్గర ఆగిపోయింది. అది దాటి తెప్పని బెత్తెడు తోసినా కదలదు. "క్షమించండి, ఇక దారి లేదు" అంటుంది. దారి ఉంది. దానికి తెలీదంతే. ఎగిరే డోలీలు కూడా ఉన్నాయి గాని, చలికాలం పొగమంచులో అవి నేల విడవవు. కాబట్టి చలికాలమంతా ఉసిరిమెట్టకి తువ్వాయే దిక్కు. సరిగ్గా ఈ చలికాలంలోనే దానికి జబ్బు చేసింది.

జబ్బు రెండు రకాలు. ఒకటి, కొన్నిసార్లు తాళం తిప్పితే "టిక్" మంటుంది తప్ప ఇంజను తిరగదు. మళ్ళీ మళ్ళీ తిప్పగా ఎప్పుడో దయ తలుస్తుంది. రెండోది, చక్కగా పోతూ పోతూ కొండెక్కే ఘాటీలో దగ్గి, ముక్కి, ఆగిపోతుంది. కాసేపు ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడుస్తుంది. ఎప్పుడు పడితే అప్పుడు ఆగదు. ఆగకూడనప్పుడు ఆగుతుంది.

మంగళవారం

పొద్దున్నే ఎస్తేరమ్మక్కతో ఉసిరిమెట్ట బయల్దేరాను. ఎస్తేరమ్మక్క మా ఆసుపత్రి నర్సు. నాకు రక్తసంబంధం కాదు. కాని నేనీ బండెక్కిన మొదటి రోజున "తమ్ముడూ, కుదుపులు చూసి నడుపు, వెనక ఇద్దరున్నారు" అంది. ఆ ఇద్దరూ ఒకే మనిషిలో ఉన్నారని నాకు మలుపు దాటాక గాని అర్థం కాలేదు. అప్పట్నించీ ఆవిడ అక్క, నేను తమ్ముడు.

రెండో ఘాటీలో బండి ఆగింది. అక్క కిందికి దిగి, బానెట్టు మీద చెయ్యి వేసింది, జ్వరం చూసినట్టు.

"ఒళ్ళు కాలిపోతోంది తమ్ముడూ."

"ఇంజనక్కా. కాలకపోతేనే భయపడాలి."

"మరేటి దీని బాధ?"

"సారాలో నీళ్ళు కలిశాయేమోనని అనుమానం."

టాంకీ మూత తీసి చూశాను. సారా సగానికి పైనే ఉంది. రాయి తగిలినట్టు కిందెక్కడో "డబ్" మని చప్పుడైంది. కొంచెం గిన్నెలోకి తీసి అగ్గిపుల్ల గీశాను. నీలం మంట శుభ్రంగా లేచింది. నీళ్ళు లేవు. తాళం తిప్పాను, నడిచింది. నా పరీక్షకి భయపడి నడిచిందని అక్క అంది.

ఉసిరిమెట్టలో కాసులమ్మని చూశాం. తొలిచూలు, రోజులు దగ్గర పడ్డాయి. అక్క ఆమె పొట్ట మీద చేతులు వేసి చాలాసేపు తడిమి చూసింది. బిడ్డ అడ్డంగా ఉందట. తల కిందికి తిరగాలి. తిరక్కపోతే ఆసుపత్రిలో డాక్టరమ్మ కోసి తియ్యాల్సిందే.

"ఇప్పుడే వచ్చెయ్యమ్మా మాతో" అంది అక్క.

"ఆదివారం మా అమ్మొస్తాది, ఆమెతో వత్తాను" అంది కాసులమ్మ. వాళ్ళాయన బొంజుబాబు తువ్వాయి వైపు చూసి, "బండి బాగుందా బాబూ?" అని అడిగాడు. బాగుందన్నాను. బండి ముందు నిలబడి బాగోలేదని ఎలా అంటాను!

బుధవారం

ఫిల్టరు విప్పి కడిగాను. ప్లగ్గులు తీసి గీకి, మళ్ళీ బిగించాను. పంపు తీగలన్నీ వేలితో తడిమాను. ఎండెక్కాక సంతదాకా పోయి వచ్చాను. ఎక్కడా ఆగలేదు. ఫిల్టరే కారణమని తేల్చుకుని, సంతోషం పట్టలేక బండి కడిగాను కూడా.

గురువారం

నిన్న రాసినది కొట్టేసుకోవాలి. పొద్దున్న మళ్ళీ ఆగింది. మధ్యాహ్నం ఎండలో అదే దారిలో, అదే ఎత్తు ఎక్కించాను, నిక్షేపంలా ఎక్కింది.

ఇది నాకు మింగుడు పడటం లేదు. వేడెక్కి ఆగే బళ్ళ గురించి మా నాన్న చెప్పేవాడు. అవి ఎండలో ఆగి, చల్లబడితే నడుస్తాయి. ఇది చలిలో ఆగుతోంది, ఎండ పడితే నడుస్తోంది. ముసలివాళ్ళకిలాగే దీనికీ పొద్దున్నపూట కీళ్ళు పట్టేస్తున్నాయేమో అంది అక్క. నవ్వాను గాని, నా దగ్గర అంతకంటే మంచి కారణమేమీ లేదు.

శుక్రవారం

ఇంజనీరు వచ్చింది. పాంగి రత్న, ముప్పై దాటని అమ్మాయి. తీగబాట మీద పనిచేస్తుంది. ఎవరో బిగుసుకుపోయిన పెద్దమనిషి వస్తాడని నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుంటే, ఈ పిల్ల వస్తూనే జడ ముడేసుకుని బండి కిందికి దూరింది.

"బాబాయ్, దీనికి రోగం చెప్పే పలక ఎక్కడుంది?"

"లేదమ్మా. దీనికి నోరు లేదు."

"మరి మీకెలా తెలుస్తుంది?"

"తెలీకే కదా నిన్ను పిలిచారు."

కిందనించి నవ్వు వినిపించింది. కాసేపటికి, "బ్యాటరీ నుంచి బండి ఒంటికి వెళ్ళే తీగ ఇదేనా?" అంది. వంగి చూశాను. ఎర్తు తీగ. బోల్టు కింద ఆకుపచ్చ చిలుము పట్టి, తీగ సగం తెగి, వేలాడుతోంది. నేను దాన్ని పైనుంచి చూసి బాగుందనుకున్నాను, ఆ పిల్ల కిందనుంచి మీటరు పెట్టి చూసింది. చిలుము గీకి, కొత్త తీగ వేసి బిగించింది. తాళం తిప్పగానే తువ్వాయి అరిచింది. పదిసార్లు ఆపి, పదిసార్లు తిప్పింది. పదిసార్లూ అరిచింది. షెడ్డు పక్కింటివాళ్ళు ఏదో పండగనుకుని బయటికొచ్చారు.

"మొదటి జబ్బు తగ్గింది" అన్నాను.

"రెండోది చూపించండి."

ఘాటీ ఎక్కాం. ఎంత సారా తాగుతోందో లెక్క కట్టాలని, ప్రతి మలుపులోనూ బండి ఆపించి, టాంకీ మూత తీసి, పుల్ల ముంచి కొలిచింది. పైదాకా వెళ్ళాం, వచ్చాం. ఆగితే ఒట్టు! నాకు దుఃఖం వచ్చింది. బాగా నడిచిందని దుఃఖపడటం నాకే విడ్డూరంగా తోచింది.

"పోనీ, బాగానే ఉందని రాసెయ్యమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "చూడని రోగం తగ్గిందని ఎలా రాస్తాను బాబాయ్? నేను రాసిన మాట నమ్మి రేపు ఎవరో ఇందులో ఎక్కుతారు. సోమవారం దాకా ఉంటాను."

కష్టమైన మాటే. కాని ఆ మాటతో నాకు ఆమె మీద నమ్మకం కలిగింది.

శనివారం

అక్క ఇంట్లో భోజనం. ఎండుచేపల పులుసు. కింద పట్నంలో సముద్రం వీధి చివరే ఉన్నా చేపలకి ఇంత రుచి లేదట, రత్న మూడోసారి వడ్డించుకుంది. బండి గురించి ముగ్గురం మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఏం తేలలేదు.

ఆదివారం

ఇది మధ్యాహ్నం కూర్చుని రాస్తున్నాను. పొద్దున్న రాయడానికి కుదరలేదు.

తెల్లారగానే ఉసిరిమెట్ట నుంచి కబురు. కాసులమ్మకి నొప్పులు మొదలయ్యాయి. చెయ్యి చాపితే వేళ్ళు కనిపించనంత మంచు. డోలీలు ఎగరవని ఆసుపత్రి ముందే చెప్పేసింది. అక్కా, నేనూ బయల్దేరాం. రత్న అడక్కుండానే ఎక్కి నా పక్కన కూర్చుంది.

వెళ్ళేటప్పుడు ఒకసారి ఆగింది. రత్న కళ్ళారా చూసింది. "ఆహా, ఇదా!" అంది, ఆనందంగా. వెంటనే నాలిక కరుచుకుంది. కాసేపు ఆగి, మళ్ళీ నడిపించాను.

కాసులమ్మని వెనక పడుకోబెట్టాం. బొంజుబాబు ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్క పొట్ట తడిమి నా వైపు చూసింది. బిడ్డ తిరగలేదు.

"తమ్ముడూ, మెల్లిగా అని నేనెప్పుడూ చెప్పేదాన్ని కదా. ఇయ్యాల చెప్పను."

ఉసిరిమెట్ట నుంచి కిందికి రావాలంటే ముందు ఒక మెట్ట ఎక్కాలి. దాన్ని దాటాకే దిగుడు. ఆ ఎత్తు సగం ఎక్కామో లేదో, తువ్వాయి దగ్గింది. కాలు అదిమాను. ముక్కింది. ఆగిపోయింది.

తాళం తిప్పాను. ఇంజను తిరుగుతోంది, అందుకోవడం లేదు. వెనక కాసులమ్మ పళ్ళు బిగబట్టి మూలుగుతోంది. బొంజుబాబు ఆమె నుదుటి చెమట తుడుస్తున్నాడు. "బండి బాగుందా బాబూ" అని మంగళవారం అతను అడిగిన మాట నా చెవిలో తిరుగుతూనే ఉంది.

"ఎంత సేపు ఆగాలి?" అంది రత్న.

"ఒక్కోసారి కాసేపు. ఒక్కోసారి చాలా."

"అంతసేపు లేదు తమ్ముడూ" అంది వెనక నుంచి అక్క. ఆవిడ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. మెత్తగా ఉన్నందుకే నాకు భయమేసింది.

కిందికి దిగాను. ఏం చెయ్యాలో తోచక, అలవాటుగా టాంకీ దగ్గరికి వెళ్ళాను. వెనక కిటికీ కిందే ఉంటుంది దాని మూత. తిప్పి తీశాను. "స్స్" మంది, ఆ వెంటనే కింద "డబ్" మంది. ఆ "స్స్" ఎన్నిసార్లో విన్నాను. సారా ఆవిరి బయటికొస్తోందనుకునేవాణ్ణి. కాని ఇవాళ చుట్టూ మంచుంది. మూత తీసిన చోట మంచు కదలడం నా కళ్ళతో చూశాను. అది బయటికి పోలేదు. సన్నటి దారంలా మెలితిరిగి టాంకీలోకి పోయింది.

"రత్నమ్మా, ఇలా రా!"

మళ్ళీ మూత పెట్టి, ఆ అమ్మాయిని తాళం తిప్పమన్నాను. ఇంజను ఠక్కున అందుకుంది. కొంచెంసేపు గట్టిగా రొద పెట్టించాక మూత వదులు చేసి, సందు మీద అరచెయ్యి ఆనించాను. చెయ్యి అతుక్కుంది. లోపలికి పీలుస్తోంది, పాలు తాగే బిడ్డలాగా.

"గాలి!" అన్నాను. "దీనికి గాలాడటం లేదు. పంపు సారాని లాగుతోంది. లాగినంత మేర లోపలికి గాలి రావాలి. రాకపోతే టాంకీ బిగుసుకుపోయి సారా ఒదలదు. డబ్ మనేది టాంకీ పొట్టే! లోపలికి నొక్కుకుపోయి, మూత తీస్తే మళ్ళీ ఉబ్బుతోంది."

రత్న కళ్ళు పెద్దవయ్యాయి. "మొన్న ప్రతి మలుపులో మూత తీశాను నేను. అందుకే ఆగలేదు. ఎండలో అయితే లోపలి సారా ఆవిరై ఆ ఖాళీ నింపేస్తుంది. చలిలో ఆ ఆవిరి ఉండదు..." అని నా చేతిలోంచి మూత లాక్కుని తిప్పి చూసింది. "గాలి వెళ్ళడానికి దీనికేదైనా దారుండాలే?"

"నడిమధ్యన బెజ్జం ఉండేది. సూదిమొనంత."

"లేదు."

మసి పట్టిన మూత మీద ఎంత వెతికినా బెజ్జం లేదు. అప్పుడు కిటికీలోంచి ఎస్తేరమ్మక్క తల బయటికి పెట్టింది.

"ఆ బెజ్జమా? అది నేనే మూశాను గదా."

ఇద్దరం ఆవిడ వైపు చూశాం.

"సారా వాసనకి వెనక కడుపుతో ఉన్న పిల్లలందరికీ వాంతులు తమ్ముడూ. చూస్తే దాంట్లోంచే వస్తన్నాది. తేనెమైనం పెట్టి అదిమేశాను, వానలు తగ్గాక. నీకు చెప్పాననే అనుకున్నాను." ఆవిడ మొహం పాలిపోయింది. "దానివల్లనా ఇదంతా? నా వల్లనా?"

"అక్కా, పిన్నీసుందా?"

చీర భుజం దగ్గరి పిన్నీసు తీసి ఇచ్చింది. మసితో కలిసి నల్లబడిన మైనం గుచ్చితే, చిన్న ముద్దలా ఊడొచ్చింది. మూత బిగించాను. మెట్ట ఎక్కాం. దగ్గలేదు. దిగుడులో పరిగెత్తించాను. మంచులో దారి కనిపించని చోట రత్న తల బయటికి పెట్టి "ఎడమ, ఇంకా ఎడమ, ఇప్పుడు తిన్నగా" అంటూ చెప్పింది. వెనక అక్క, కాసులమ్మకి ఏవో కబుర్లు చెబుతూనే ఉంది. అన్నీ ఈ బండిలో ఆసుపత్రికి దిగిన తల్లుల కబుర్లు. పురుడైన వాళ్ళవే చెప్పింది.

ఆసుపత్రి గుమ్మందాకా తువ్వాయి ఆగలేదు. లోపల డాక్టరమ్మ చేతులు కడుక్కుని సిద్ధంగా ఉంది.

ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. బొంజుబాబు బయటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తర్వాత బండి దగ్గరికి వెళ్ళి దాని తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను అటు వెళ్ళలేదు.

సోమవారం

అక్క పనిలోకి రాలేదు. ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని ఉంది. కళ్ళు వాచాయి.

"నేను గాని ఆ మైనం పెట్టకపోతే..."

"వాంతులతో నీరసపడి వచ్చేవాళ్ళు. నాకు ముందు దారి చూడ్డమే తెలుసు. వెనక వాళ్ళ కడుపులో తిప్పడం నాకెప్పుడు తెలిసింది? నువ్వు చూశావు."

"చూసి బండి పీక నొక్కేశాను."

"నొక్కావు. నిజమే."

ఆవిడ ఉలిక్కిపడి చూసింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆవిడా నవ్వింది, తర్వాత ఏడిచింది, తర్వాత టీ పెట్టింది.

షెడ్డుకొచ్చేసరికి రత్న మూతకి సన్నటి గొట్టం అతికిస్తోంది. ఆ గొట్టం చివర బండి టాపు మీదకి తీసింది. గాలి లోపలికి వెళ్తుంది, వాసన కిటికీలోకి రాదు. అక్క వెనక సీట్లో కూర్చుని ముక్కు ఎగబీల్చి చూసి, "ఇప్పుడు నయం" అంది.

"బోర్డుకి ఏం రాశావమ్మా?" అని అడిగాను.

"బండి ఉండాలని. జబ్బులు రెండూ కళ్ళతో చూశాను, కారణాలు దొరికాయి, బాగైందని." గొట్టం బిగించి, చేతులు తుడుచుకుంది. "ఇంకోటి కూడా రాశాను. ఇంత పెద్ద కొండకి ఒకే బండి, ఒకే డ్రైవరు. మీకు జ్వరమొస్తే? అందుకని ఇంకో మనిషి నేర్చుకోవాలని."

"ఎవరు నేర్చుకుంటారు దీన్ని?"

ఆ అమ్మాయి తాళం కోసం చెయ్యి చాపింది.

ఇన్నేళ్ళలో ఆ తాళం ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చాను. నడిపే సీటు పక్కన కూర్చోబోతే, "వద్దు బాబాయ్, మీరు పక్కనుంటే నాకు భయం, వెనక కూర్చోండి" అంది. వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాను. తువ్వాయిలో వెనక సీట్లో కూర్చోవడం నాకు ఇదే మొదలు. ఇక్కణ్ణించి ముందు దారి కనబడదు. వెనకద్దంలోంచి దూరమైపోతున్న కొండ కనిపిస్తుంది, అంతే. తొలిచూలు పిల్లలు నొప్పులు పడుతూ, వాళ్ళ ఊరు వెనక్కి పోవడం ఇలా చూస్తూ వచ్చేవాళ్ళన్నమాట. ఇక్కడో చిన్న కర్టెనైనా వెయ్యాలి. వెయ్యాలా, వద్దా? అక్కనడగాలి.

తువ్వాయి అరిచింది. రెండడుగులు ముందుకి దూకి, చప్పున ఆగిపోయింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మళ్ళీ ఏటైంది తమ్ముడూ?"

"ఏం లేదక్కా. క్లచ్చి తొందరగా వదిలేసింది."

"ఎవరు, బండా?"

"కాదు. కొత్త డ్రైవరు."

ముందు నుంచి రత్న వెనక్కి తిరగకుండానే, "అది కూడా రాసుకోండి బాబాయ్" అని, మళ్ళీ తాళం తిప్పింది.